నాన్న మార్కా రేకులతో అచ్చులు, కొలాజ్: రంగు పాకిపోతోంది, దారి చూపండి

వరిపొట్టు (మిర్యాలగూడ)

అందరికీ నమస్కారం. ఇక్కడి చర్చలు రెండేళ్లుగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి.

మా నాన్న ఇక్కడ ఒక రైస్ మిల్లులో బస్తాల మీద మార్కా వేసేవారు. మిల్లు మూతపడి చాలా కాలమైంది. నాన్న పోయి నాలుగేళ్లు. ఉగాదికి అటక దులుపుతుంటే గోనెసంచిలో చుట్టిపెట్టిన ఏడు మార్కా రేకులు (కోసిన సందుల్లోంచి రంగు దిగి గుర్తు పడే స్టెన్సిళ్లు) బయటపడ్డాయి. వరి కంకి ఒకటి, నక్షత్రం ఒకటి, అంకెలది ఒకటి, మిగిలిన నాలుగూ అక్షరాలు. వాటి పక్కనే ఒక అట్టపెట్టె నిండా తూకం చీటీలు, లారీ బిల్లులు, నాన్న చేతిరాతతో ఒక లెక్కల పుస్తకం ఉన్నాయి.

వీటన్నిటినీ కలిపి ముందుగదికి ఒక పెద్ద కొలాజ్ (కాగితాలు అంటించి చేసే బొమ్మ) చేయాలని ఉంది. రెండడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు. అడుగున చీటీలు, వాటి మీద ఆకుల అచ్చులు, అన్నిటికీ పైన నాన్న మార్కా. చీటీలు ముట్టుకోకుండా ముందు మామూలు కాగితాలతో అట్టల మీద మూడుసార్లు చేసి చూశాను. మూడూ పాడయ్యాయి. మొదటిసారి, పోస్టర్ రంగులతో వేసిన ఆకుల అచ్చుల మీద తెల్ల జిగురు పూయగానే రంగంతా కరిగి పాలలో పసుపు కలిపినట్టు అయిపోయింది. రెండోసారి రంగు రేకు కిందికి పాకి వరి గింజలన్నీ ఒక్క ముద్ద అయ్యాయి. మూడోసారి అంటించిన కాగితం ముడతలు పడింది, ఆరేసరికి అట్ట విల్లులా వంగింది.

ఇంకొక సంగతి. కంకి రేకులో పైనుంచి మూడో గింజ దగ్గర రేకు తెగితే నాన్న సన్నని ఇత్తడి తీగతో కట్టారు. ఆ తీగ అడ్డుపడి అచ్చులో ఆ గింజ మీద ఒక తెల్ల గీత పడుతోంది. ఈ రేకు పక్కన పెట్టి కొత్తది కోయించుకో అంటున్నాడు మా తమ్ముడు. ఏం చేయాలో తోచడం లేదు.

అచ్చుబల్ల (మహబూబ్‌నగర్)

వరిపొట్టు గారూ, మీవి మూడు ఇబ్బందులలా కనిపిస్తున్నాయి గానీ మూడింటికీ మూలం ఒకటే, తడి. పాతికేళ్లుగా బడిలో డ్రాయింగ్ చెబుతున్నాను. పిల్లలూ సరిగ్గా ఈ మూడు చోట్లే ఆగిపోతారు.

పోస్టర్ రంగు ఎంత ఆరినా నీళ్లు తగిలితే మళ్లీ కరుగుతుంది. దాని స్వభావమే అది. జిగురులో ఉన్నది నీళ్లే కదా. ఆక్రిలిక్ రంగు ఒకసారి ఆరిందంటే సన్నని ప్లాస్టిక్ పొరలా గట్టిపడుతుంది, దాని మీద జిగురు పూసినా కదలదు. పెద్ద బొమ్మకు ట్యూబులు కొంటే ఖర్చు అనుకుంటే, గోడలకు వేసే తెల్ల ఎమల్షన్ అర లీటరు తెచ్చి అందులో స్టెయినర్ (గోడ రంగుల్లో కలిపే చిక్కని రంగు) చుక్కలు కలుపుకోండి. మా పిల్లలతో నేను చేయించేది అదే.

రేకు విషయానికి వస్తే, కుంచెతో పూయకండి. స్పాంజి ముక్కకు రంగు అద్ది, ముందు పాత కాగితం మీద పదిసార్లు తట్టండి. ఇక రంగు అయిపోయిందేమో అనిపించినప్పుడు రేకు మీదికి వెళ్లండి. నిలువుగా తట్టాలి, పక్కకు రుద్దితే రంగు అంచు కిందికి దూరుతుంది. మొదటి పూత పేలవంగా వస్తుంది. కంగారుపడి ఎక్కువ రంగు వేయకండి. రేకు కదపకుండా ఐదు నిమిషాలు ఆగి రెండో పూత, మళ్లీ ఆగి మూడోది. అప్పుడు గింజ గింజగా విడిపోతుంది.

ఒక జాగ్రత్త ముఖ్యంగా చెప్పాలి. ఆ రేకులకు పాత రంగు పేరుకుని ఉంటే పొడిగా గీకకండి. వెనుకటి రంగులలో సీసం బాగా ఉండేది. ఇళ్లకు వేసే రంగులలో సీసం పది లక్షల భాగాలకు 90 దాటకూడదనే నిబంధన మన దేశంలో అమలుకు వచ్చిందే 2017 నవంబరులో. మూతికి గుడ్డ కట్టుకుని, ఆరుబయట, కిరసనాయిలులో తడిపిన గుడ్డతో నానబెట్టి తుడవండి. పిల్లలను దగ్గరికి రానివ్వకండి.

ముడతలకు మందు ఇది. కాగితం తడిస్తే సాగుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. పొడి కాగితాన్ని తడి జిగురు మీద వేస్తే అక్కడికక్కడే సాగి ముడత పడుతుంది. అందుకని కాగితానికి వెనుకవైపు ముందే కొంచెం తడి చేసి రెండు నిమిషాలు ఆగండి, సాగేదంతా సాగనివ్వండి. జిగురును మూడు పాళ్లకు ఒక పాలు నీళ్లతో పల్చన చేసి అడుగుకూ కాగితానికీ రెండింటికీ పూసి, నడుమ నుంచి అంచులకు పాత ప్లాస్టిక్ కార్డుతో తోయండి. అట్ట వంగకుండా ఉండాలంటే ముందువైపు ఎన్ని పొరలు వేసినా వెనుకవైపు కనీసం ఒక పొరైనా అంటించాలి, రెండు వైపులా లాగుడు సమానమవుతుంది. మూడడుగుల బొమ్మకు అట్ట ఎలాగూ ఆగదు, ప్లైవుడ్ తీసుకోండి.

సీతాఫలం (జడ్చర్ల)

సార్, ఆకుల అచ్చులకు నేను జెలటిన్ పలక (రంగు పరిచి అచ్చు తీసే మెత్తని పలక) చేసుకున్నాను. మార్చిలో బాగానే ఉంది. మొన్న మధ్యాహ్నం పైగదిలో పెట్టి కిందికి వెళ్లి వచ్చేసరికి పళ్లెంలో పానకంలా కరిగిపోయి ఉంది. మన ఎండలకు ఇది కుదరదా?

బోర్డురాత (దేవరకొండ)

వరిపొట్టు తల్లీ, ఆ తీగ తీయవద్దు.

నాకు డెబ్బై దాటాయి. ముప్పై ఎనిమిదేళ్లు బోర్డులు రాశాను. దుకాణాల పేర్లు, లారీల వెనుక నంబర్లు, గోడల మీద ప్రకటనలు. ఫ్లెక్సీలు వచ్చాక పని తగ్గింది. మిల్లులకు మార్కా రేకులు కూడా చాలా కోశాను. వేపమొద్దు మీద రేకు పరిచి సన్న ఉలితో కొట్టి కోసేవాళ్లం. అందులో ఉన్న కష్టం బయటివాళ్లకు తెలియదు. ఇంగ్లీషు అక్షరం గీతలు గీతలుగా ఉంటుంది, ఉలికి లొంగుతుంది. మన అక్షరం గుండ్రం. సున్నా కోయాలంటే చుట్టూ కోస్తే మధ్య బిళ్ల ఊడి కింద పడుతుంది, అచ్చు వేస్తే సున్నా రాదు, నల్ల చుక్క వస్తుంది. అందుకని పైనా కిందా రెండు సన్న పట్టీలు వదిలి, రెండు అర్ధచంద్రాలుగా కోస్తాం. ‘ర’కు లోపలి బిళ్లను ఒక పట్టీ మీద నిలబెట్టాలి. ‘ఠ’ అయితే లోపలి బిళ్లలో మళ్లీ చుక్క కోయాలి, అంత బరువు పట్టీ మీద వేలాడుతుంది. పట్టీ మరీ సన్నగా వదిలితే నాలుగు వందల బస్తాలకు తెగుతుంది, లావుగా వదిలితే అక్షరం చదవడానికి రాదు. ఎంత వదలాలో చెయ్యే చెప్పాలి.

మీ నాన్నగారి రేకు మూడో గింజ దగ్గర తెగిందంటే అక్కడ పట్టీ అరిగిపోయేంత పని చేసిందని. తీగ కట్టింది పని ఆగకూడదని. ఆ తెల్ల గీత మిల్లు నుంచి బయటికి వెళ్లిన ప్రతి బస్తా మీదా పడే ఉంటుంది. కొత్త రేకు కోయించుకుంటే వరి కంకి బొమ్మ వస్తుంది, మీ నాన్నగారి మార్కా రాదు.

ఇంకొక మాట. అక్షరాలు వేశాక పట్టీల సందులను కుంచెతో పూడ్చి అక్షరం నిండుగా చేయాలనిపిస్తుంది. బోర్డు మీద మేమూ పూడ్చేవాళ్లం. బస్తా మీద ఎవరూ పూడ్చరు. ఆ సందు ఉంటేనే అది మార్కా.

పానగల్లు (నల్లగొండ)

పెద్దాయన చెప్పింది చదివాక నేను అదనంగా చెప్పేది కాగితాల గురించే. పాత దస్తావేజులు భద్రపరిచే పనిలో చాలా ఏళ్లు ఉన్నాను.

వరిపొట్టు గారూ, లెక్కల పుస్తకాన్ని విప్పకండి, చింపకండి. చేతిరాత ఉన్న పేజీలను టోనరు వాడే యంత్రంలో జెరాక్సు తీయించండి. టోనరు పొడి కాగితానికి వేడితో కరిగి అతుక్కుంటుంది, జిగురుకు చెదరదు. ఇంట్లో సిరా పిచికారీ చేసే ప్రింటర్‌తో తీస్తే మీ పోస్టర్ రంగుకు పట్టిన గతే పడుతుంది.

జెరాక్సును నేరుగా అంటిస్తే కాగితం అంచులు కనిపిస్తాయి. రాత మాత్రమే బొమ్మలోకి దిగాలనుకుంటే ఇంకో పద్ధతి ఉంది. అద్దంలో కనిపించినట్టు తిరగేసి జెరాక్సు తీయమని అడగండి. ప్లైవుడ్ మీద ఆక్రిలిక్ మీడియం (రంగు కలపని ఆక్రిలిక్ ద్రవం) పూసి, జెరాక్సును రాత కిందికి వచ్చేలా బోర్లించి, గాలి బుడగలు లేకుండా తోసి రాత్రంతా వదిలేయండి. తెల్లవారి తడిగుడ్డ వేసి కాగితాన్ని నానబెట్టి వేలి కొసతో మెల్లగా రుద్దితే కాగితం పీచులా ఊడివస్తుంది, రాత అక్కడే ఉండిపోతుంది. మొదటిసారి అవసరానికి మించి రుద్ది రాత కూడా లేపేస్తారు. చిన్న ముక్క మీద చేయి కుదిరాక అసలు దాని మీదికి వెళ్లండి. తిప్పకుండా తీసిన జెరాక్సు వాడితే నాన్నగారి రాత కుడి నుంచి ఎడమకు పడుతుంది, అది మాత్రం మరచిపోకండి.

జిగురుకు పోస్టర్లు అంటించేవాళ్లు మైదా ఉడికించి మైలుతుత్తం కలుపుతారు, పురుగు పట్టకుండా. మైలుతుత్తం విషం, ఇంట్లో వద్దు. మైదా జిగురే వాడితే చెదలూ బొద్దింకలూ వస్తాయి. చేర్యాల నకాశీ బొమ్మలకు చింతగింజల జిగురు వాడతారు, అది మంచిదే గానీ చేసుకోవడానికి రోజంతా పడుతుంది. మీ పనికి తెల్ల జిగురు చాలు.

కోయిల్‌కొండ (మహబూబ్‌నగర్ జిల్లా)

నేను పానగల్లు గారితో ఏకీభవించను. మా తాత కాగితాలు అలాగే భద్రంగా పెట్టెలో పెట్టాం. పదేళ్ల తర్వాత తెరిస్తే చెదలు తిని మట్టి మిగిలింది. ఒక్కరూ వాటిని చూడలేదు. గోడ మీద ఉంటే కనీసం ఇంటికి వచ్చినవాళ్లంతా చూసేవాళ్లు. వరిపొట్టు గారూ, అసలు చీటీలే అంటించండి. జెరాక్సులో నాన్న చేయి ఉండదు.

వరిపొట్టు (మిర్యాలగూడ)

ఇద్దరి మాటా రాత్రంతా మనసులో తిరుగుతూనే ఉంది. పొద్దున్నే లేచి అట్టపెట్టె మొత్తం నేల మీద పరిచాను. తూకం చీటీ ఒక్కొక్కటి మూడు ప్రతులు. తెల్లది, గులాబీది, పసుపుది. తెల్లదాని మీద పెన్నుతో రాస్తే కింది రెండింటికీ కార్బన్ కాగితం మీదుగా దిగేది. చాలా చీటీలకు గులాబీ, పసుపు ప్రతులు రెండూ ఉన్నాయి. అంటే అసలు తెల్లవి దాచుకుని, గులాబీవి అంటించుకోవచ్చు. గులాబీవి కూడా నాన్న చేతి ఒత్తిడితో పడ్డవే. కోయిల్‌కొండ గారూ, ఇది మీకు సమ్మతమేనా?

పానగల్లు (నల్లగొండ)

ఇంతకన్నా మంచి దారి లేదు. కార్బన్ గుర్తు మైనం లాంటిది, నీళ్లకు చెదరదు. కానీ ఆ గులాబీ కాగితం రంగు మాత్రం నీళ్లకు కారవచ్చు. ఒక మూల చిన్న చుక్క నీళ్లు వేసి, తెల్ల గుడ్డతో అద్ది చూడండి.

కోయిల్‌కొండ (మహబూబ్‌నగర్ జిల్లా)

సమ్మతమే అమ్మా. తెల్లవాటిని మాత్రం అటక మీద పెట్టవద్దు.

చిటికి (పోచంపల్లి)

వరిపొట్టు అక్కా, నేను మగ్గం ఇంటి పిల్లను. మా ఊళ్లో ఇక్కత్‌ను చిటికి అని కూడా అంటారు, అందుకే ఈ పేరు. మీరు చెప్పినది చదువుతుంటే మా ఇంట్లో జరిగే పనే గుర్తొస్తోంది. గ్రాఫు కాగితం మీద గళ్లు నింపి డిజైను గీస్తాం. నూలును చట్రానికి పరిచి, రంగు అంటకూడని చోట సైకిల్ ట్యూబును సన్నని పట్టీలుగా కోసి బిగించి కడతాం. రంగులో ముంచితే కట్టిన చోట తెలుపు నిలుస్తుంది. మీ రేకు ఉన్నచోట రంగును ఆపి, తెరచిన చోట దిగనిస్తుంది. మా ముడి కూడా అంతే, నేరుగా నూలు మీద చేస్తాం.

దీన్నిబట్టి రెండు సంగతులు చెబుతాను. మొదటిది, మేము లేత రంగు ముందు, ముదురు రంగు తర్వాత వేస్తాం. లేత రంగు నిలవాల్సిన చోట కట్టేసి అప్పుడు ముదురులో ముంచుతాం. మీరు కూడా అడుగున లేతవి వేసి పైకి వెళ్లేకొద్దీ ముదురుకు వెళ్లండి. నలుపు మార్కా చివర రావాలి. లేతది పైన వేయాల్సి వస్తే దాని కింద తెల్ల ఎమల్షన్ పూత పడాలి, లేకపోతే ముదురు తొంగిచూస్తుంది.

రెండోది, రేకులో తెరచిన భాగమే కాదు, కోసినప్పుడు ఊడిన ముక్క కూడా బొమ్మే. రేకును పాత ఎక్స్‌రే ఫిలిం మీద పెట్టి పెన్సిలుతో గీసుకుని గింజలను విడిగా కోయండి. వాటిని కాగితం మీద పరిచి చుట్టూ స్పాంజితో తట్టి ఎత్తేస్తే గింజలు తెల్లగా మిగులుతాయి. ఒక చోట నల్ల కంకి, ఒక చోట తెల్ల కంకి. రెండూ పక్కపక్కన వస్తే కన్ను వాటి మధ్య తిరుగుతుంది.

పుట్టపాకలో తేలియా రుమాలు నేస్తారు కదా, 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ నూలును నూనెలోనూ ఆముదపు కాయల బూడిద నీళ్లలోనూ రోజుల తరబడి నానబెట్టి ఆరబెడతారు, అప్పుడే రంగు పట్టుకుంటుంది. ఎరుపు, నలుపు, తెలుపు, అంతే. ఆ మూడింటితోనే ఎంత నిండుగా ఉంటుందో చూడండి. మీ గులాబీ చీటీల మీద కూడా మూడు రంగులకు మించి వద్దని నా మాట.

బోర్డురాత (దేవరకొండ)

ఎక్స్‌రే ఫిలిం బాగా చెప్పావమ్మా. దాని మీద రోగి పేరు, వయసు ఉంటాయి, ముందు ఆ మూల కత్తిరించి పారేయాలి. కోసేటప్పుడు వంపు దగ్గర కత్తి తిప్పవద్దు, ఫిలిం తిప్పాలి. చిన్న రంధ్రాలు ముందు, పెద్దవి తర్వాత. పెద్దవి ముందు కోస్తే ఫిలిం వదులైపోయి చిన్నవాటికి పట్టు దొరకదు.

అచ్చుబల్ల (మహబూబ్‌నగర్)

సీతాఫలం, నీ ప్రశ్న మరుగున పడిపోయింది, మన్నించు. జెలటిన్‌ను నీళ్లతోనే చేస్తే ముప్పై ఐదు డిగ్రీల దగ్గర కరగడం మొదలుపెడుతుంది. ఏప్రిల్‌లో మన పైగదులు అంతకన్నా వేడి. నీళ్లకు సమానంగా గ్లిజరిన్ కలిపి జెలటిన్ పాళ్లు పెంచితే కొంత తట్టుకుంటుంది. ముప్పావు లీటరుకు ఎనభై గ్రాముల దాకా వేస్తాను. జెలటిన్ జంతువుల ఎముకల నుంచీ చర్మం నుంచీ వస్తుంది, కొందరి ఇళ్లలో ఒప్పుకోరు. వాళ్లకు అగర్ అగర్ ఉంది, సముద్రపు నాచు నుంచి తీసేది, మన కిరాణా కొట్లలో చైనా గ్రాస్ అని అమ్ముతారు. లీటరు నీళ్లకు ఇరవై ఐదు, ముప్పై గ్రాములు వేసి బాగా మరిగించి పళ్లెంలో పోస్తే గదిలోనే గడ్డకడుతుంది. ఒకసారి గట్టిపడితే ఎనభై డిగ్రీలు దాటితే తప్ప కరగదు, మన ఎండకు అది లెక్కే కాదు. కాకపోతే పెళుసు. మూలలు విరుగుతాయి, నాలుగైదు రోజులకు బూజు పడుతుంది. మళ్లీ కరిగించి పోసుకోవచ్చు.

పోసేటప్పుడు పైన తేలే బుడగలను ఒక కాగితం అంచుతో పక్కకు లాగెయ్యి. ఒక్క బుడగ మిగిలినా ప్రతి అచ్చులోనూ గుండ్రంగా కనిపిస్తుంది.

మోదుగాకుతో ఒకసారి చేసి చూడు. పలక మీద రంగు పల్చగా రోలరుతో పరిచి, ఆకును నరాలున్న వైపు కిందికి పెట్టి, పైన కాగితం వేసి అరచేతితో ఒత్తితే ఆకు ఆకారం తెల్లగా వస్తుంది. ఇప్పుడు ఆకు తీసేసి రెండో కాగితం వెయ్యి. ఆకు కింద మిగిలిన సన్నని రంగులో నరాలన్నీ పడతాయి. నాకు మొదటి అచ్చు కన్నా ఈ రెండోదే ప్రాణం. పేలవంగా, చలికాలం పొద్దులా ఉంటుంది. కొలాజ్‌కు అడుగు పొరగా అంతకన్నా మంచిది లేదు. ఎండ ముదిరితే రంగు పలక మీదే ఆరిపోతుంది. అందుకని ఉదయం ఆరింటికి మొదలుపెట్టి ఎనిమిదింటికి ఆపెయ్యి, రంగులో రెండు చుక్కల గ్లిజరిన్ వేసుకో.

అచ్చు దేని మీద తీస్తున్నావన్నదీ చూసుకో. చీరల మడతల్లో పల్చని తెల్ల కాగితం పెడతారు కదా, దాని మీద తీస్తే అంటించాక కాగితం దాదాపు మాయమై అచ్చు మాత్రమే కనిపిస్తుంది. కింద చీటీల మీది రాత కూడా కనబడుతుంది. వరిపొట్టు గారూ, మీ ఆకుల అచ్చులకు ఇదే వాడండి.

గద్వాల అంచు (గద్వాల)

చీరల మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. మా అమ్మ పెళ్లి చీర చినిగిపోయింది. అంచు మాత్రం నిలిచి ఉంది. దాన్ని కత్తిరించి ఇలాంటి బొమ్మలో అతికించాలని మా కోడలు అంటోంది. నాకు చేయి రావడం లేదు. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. రెండింటినీ మగ్గం మీదే కలిపి నేస్తారు. కత్తెర పెడితే ఆ కలయిక పోతుంది.

చిటికి (పోచంపల్లి)

పెద్దమ్మా, కత్తిరించకండి. సార్ చెప్పిన పల్చని కాగితాన్ని జరీ అంచు మీద పరిచి, కదలకుండా పట్టుకుని, మైనపు క్రేయాన్‌ను అడ్డంగా పెట్టి మెల్లగా రుద్దండి. పువ్వులు, గోపురాలు, పోగులతో సహా కాగితం మీదికి లేచివస్తాయి. చీరకు రంగు అంటకుండా కాగితం అంచులు బాగా బయటికి ఉంచండి. ఆ కాగితం బొమ్మలో పెట్టండి, చీర బీరువాలో పెట్టండి.

గద్వాల అంచు (గద్వాల)

ఈ సాయంత్రమే చేశాం. కోడలు రుద్దుతుంటే నేను పట్టుకున్నాను. అంచులో హంస ఉందని నాకు ఇన్నేళ్లూ తెలియదు తల్లీ. జరీ మెరుపులో కనిపించలేదు, కాగితం మీద కనిపించింది.

వరిపొట్టు (మిర్యాలగూడ)

రెండు వారాలుగా పని సాగుతోంది, మధ్యలో ఒక దెబ్బ తగిలింది. గులాబీ చీటీని పానగల్లు గారు చెప్పినట్టు పరీక్షిస్తే గుడ్డకు గులాబీ రంగు అంటింది. అందుకని చీటీల వెనుక నీళ్లు చల్లలేదు, జిగురు చిక్కగా పల్చని పొర వేసి అంటించాను. అయినా రెండు చీటీల చుట్టూ గులాబీ ఛాయ పాకింది. తుడిస్తే పెరుగుతుందని వదిలేశాను. ఎండలో నిలబెట్టి చూస్తే అది అంత చెడ్డగా లేదు.

నిన్న పక్కింటావిడ వచ్చి, ఇది పిల్లలు బడిలో చేసే ప్రాజెక్టులా ఉందే అన్నది. తప్పుగా అనలేదు. కానీ అప్పటి నుంచి స్పాంజి పట్టుకోబుద్ధి కావడం లేదు.

అచ్చుబల్ల (మహబూబ్‌నగర్)

అమ్మా, కొలాజ్ అన్న మాటకు ఫ్రెంచిలో మూలార్థమే అంటించడం. 1912లో చిత్రకారులు బ్రాక్, పికాసో గోడ కాగితాలూ వార్తాపత్రికల ముక్కలూ తెచ్చి తమ బొమ్మల్లో అంటించారు, అప్పటి నుంచి అది చిత్రకళలో భాగమే. అచ్చుల సంగతి అంటారా, మన చిత్రకారుడు లక్ష్మా గౌడ్ గారు ఉమ్మడి మెదక్ జిల్లా నిజాంపూర్ నుంచి బరోడా వెళ్లి అచ్చుల విద్య నేర్చుకుని, తిరిగి మన పల్లె మనుషులనూ మేకలనూ లోహపు పలకల మీద గీశారు. మీ ఉమ్మడి నల్లగొండ జిల్లా కదిరేనిగూడెంలో పుట్టిన ఏలె లక్ష్మణ్ గారు తెలంగాణ రాష్ట్ర చిహ్నం గీశారు. మన ఊళ్లలో చేతికి దొరికిన వస్తువులకు బొమ్మలో చోటు లేదనేవాళ్లు ఎవరూ లేరు.

పిల్లల పనిలా కనిపించేది ఎప్పుడంటే, అన్నీ ఒకే కొలతలో పక్కపక్కన ఉన్నప్పుడు. ఎక్కడో ఒకచోట దట్టంగా, ఎక్కడో ఖాళీగా ఉండాలి. మీ బొమ్మ ఫొటో తీసి, దాన్ని నలుపు తెలుపుగా మార్చి చూడండి. అంతా ఒకే బూడిద రంగులో ఉంటే ముదురు చాలలేదని అర్థం.

సీతాఫలం (జడ్చర్ల)

అక్కా, ఆపకండి. రోజూ ఇదే చూస్తున్నాను.

వరిపొట్టు (మిర్యాలగూడ)

అయింది.

నలుపు తెలుపు ఫొటో చూశాక పై సగంలో చీటీల మీద తెల్ల ఎమల్షన్ పల్చగా పూసి చాలా వరకు మూసేశాను. భయపడుతూనే చేశాను. రాత ఇప్పుడు పాల వెనుక నుంచి కనిపిస్తున్నట్టు ఉంది. కింది సగంలో గులాబీ చీటీలు అలాగే ఉన్నాయి, వాటి మీద చీర కాగితంపై తీసిన వరి ఆకుల రెండో అచ్చులు. కుడి పక్కన చిటికి చెప్పినట్టు తెల్ల గింజలు, వాటి చుట్టూ ఎరుపు. లెక్కల పుస్తకం నుంచి ఒకే ఒక్క వరుస రాత దింపాను. మొదటి రెండుసార్లు రుద్ది లేపేశాను, మూడోసారి నిలిచింది. ఆ వరుసలో తేదీ, నాలుగు వందల పన్నెండు బస్తాలు, కింద నాన్న పొడి సంతకం.

చివర కంకి. ఆదివారం ఉదయం ఆరు గంటలకు తమ్ముడిని పిలిచాను. వాడు రేకును రెండు చేతులా అదిమి పట్టుకున్నాడు, నేను స్పాంజితో తట్టాను. మూడు పూతలు. రేకు లేపేటప్పుడు ఇద్దరం మాట్లాడలేదు. గింజలన్నీ విడివిడిగా, అంచులు పదునుగా వచ్చాయి. మూడో గింజ మీద తీగ గీత ఉంది. మా కళ్ల ముందు ఎప్పుడూ ఉండే గీతే అది. చిన్నప్పుడు బియ్యం బస్తా మీద కూర్చుని దాన్ని వేలితో తడిమేదాన్ని, గింజకు బొట్టు పెట్టారనుకునేదాన్ని. ఇన్నేళ్లూ గుర్తురాలేదు. ముందు తమ్ముడికి గుర్తొచ్చింది.

అక్షరాల సందులు పూడ్చలేదు.

వాడికీ ఒకటి కావాలట. పసుపు చీటీలు వాడికని తీసిపెట్టాను. ఈలోగా రేకులు తుప్పు పట్టకుండా ఎలా దాచాలి? మళ్లీ గోనెసంచిలోనే చుట్టనా?

బోర్డురాత (దేవరకొండ)

గోనెసంచి వద్దు తల్లీ, వానాకాలం తేమ పట్టుకుంటుంది. ముందు రంగు పూర్తిగా తుడిచెయ్యి, సందుల్లో మిగిలితే పాత పళ్ల బ్రష్షు వాడు. ఎండలో పది నిమిషాలు పెట్టి, కుట్టుమిషన్ నూనె గుడ్డకు రెండు చుక్కలు వేసి రెండు వైపులా పల్చగా రాయి. రేకుకూ రేకుకూ మధ్య కాగితం పెట్టి పడుకోబెట్టు, నిలబెడితే వంగుతాయి. తీగ దగ్గర నూనె ఒక చుక్క ఎక్కువ వెయ్యి. మళ్లీ అచ్చు వేసే ముందు నూనె అంతా తుడవడం మరచిపోకు, నూనె ఉంటే నీ ఎమల్షన్ నిలవదు.

బొమ్మకు అద్దం వేయిస్తే అద్దం బొమ్మకు తగలకుండా చుట్టూ సన్న చెక్క పట్టీ పెట్టించు. ఎండ నేరుగా పడే గోడ వద్దు, గులాబీ వెలిసిపోతుంది.